బెయోవుల్ఫ్ క్లస్టరు

బెయోవుల్ఫ్ క్లస్టరు అనగా బజారులో దొరికే మామూలు కంప్యూటర్లను ఒక స్థానిక నెట్‌వర్కుతో కలిపి, ఒకే పెద్ద లెక్కను అవన్నీ పంచుకొని చేసేలా అమర్చిన సముదాయం. ఒక పనిని భాగాలుగా విడగొట్టి ఏకకాలంలో చేయడాన్ని సమాంతర గణన అంటారు. సూపర్ కంప్యూటరు కొనే స్తోమత లేని విశ్వవిద్యాలయాలకు, పరిశోధన సంస్థలకు ఈ పద్ధతి పెద్ద లెక్కల ద్వారం తెరిచింది. అయితే కంప్యూటర్లు చౌకగా దొరికినంత మాత్రాన గణన చౌక కాదు. పనిని విడగొట్టే తీరు, నెట్‌వర్కు వేగం, విద్యుత్తు, నిర్వహణ అనే నాలుగింటి మీద దాని ఫలితం ఆధారపడి ఉంటుంది.

చరిత్ర

1994లో అమెరికాలోని నాసా గొడార్డ్ అంతరిక్ష కేంద్రంలో థామస్ స్టెర్లింగ్, డోనాల్డ్ బెకర్ మొదటి బెయోవుల్ఫ్‌ను నిర్మించారు. అందులో ఇంటెల్ 486 డీఎక్స్4 ప్రాసెసర్లు గల 16 కంప్యూటర్లు ఉండేవి. వాటిని సెకనుకు 10 మెగాబిట్ల ఈథర్నెట్‌తో కలిపారు. ఉచితంగా లభించే లినక్సును ఆపరేటింగు సిస్టముగా వాడారు. ప్రాచీన ఆంగ్ల వీరకావ్యంలోని నాయకుని పేరు దీనికి పెట్టారు. తరువాత ఓక్ రిడ్జ్ జాతీయ ప్రయోగశాల పరిశోధకులు ఇతరులు వదిలేసిన పాత కంప్యూటర్లను పోగుచేసి మరొక క్లస్టరు కట్టారు. రాయితో పులుసు కాచిన జానపద కథను గుర్తుచేస్తూ దానికి స్టోన్ సూపర్‌కంప్యూటర్ అని పేరు పెట్టారు.

భారతదేశంలోనూ, హైదరాబాదులోనూ

మామూలు ప్రాసెసర్లను కలిపి పెద్ద యంత్రం చేయాలనే ఆలోచన భారతదేశంలో అంతకు ముందే, అవసరం కొద్దీ పుట్టింది. 1980లలో అమెరికా తన సూపర్ కంప్యూటర్ల ఎగుమతిపై ఆంక్షలు విధించింది. ఢిల్లీకి ఇచ్చిన క్రే యంత్రాన్ని సైతం వాతావరణ సూచనలకే వాడాలని షరతు పెట్టింది. ఈ పరిస్థితిలో బెంగుళూరులోని జాతీయ వైమానిక ప్రయోగశాల 1986లో ఫ్లోసాల్వర్‌ను, పూణేలో 1988లో ఏర్పడిన సీడాక్ సంస్థ 1991లో పరమ్ 8000ను తయారు చేశాయి.

హైదరాబాదులో రక్షణ పరిశోధన సంస్థ 1988లో అనురాగ్ అనే ప్రయోగశాలను నెలకొల్పింది. అక్కడ రూపొందిన సమాంతర కంప్యూటరు పేరు పేస్. విమానాలు, క్షిపణుల చుట్టూ గాలి ప్రవహించే తీరును లెక్కించడం దాని పని. దీనిలో మోటరోలా 68020 వంటి, విపణిలో దొరికే ప్రాసెసర్లను వాడారు. పేస్ ప్రత్యేకంగా నిర్మించిన యంత్రం గనుక నేటి అర్థంలో క్లస్టరు కాదు. కానీ గాలి ప్రవహించే క్షేత్రాన్ని ముక్కలు చేసి, ఒక్కో ముక్కను ఒక్కో ప్రాసెసరుకు అప్పగించి, సరిహద్దుల్లోని విలువలను పరస్పరం ఇచ్చిపుచ్చుకొనే పద్ధతి రెండింటికీ ఒకటే. 2004లో చెన్నై గణిత శాస్త్రాల సంస్థ, ఒక్కొక్కదానిలో రెండేసి జియాన్ ప్రాసెసర్లు గల 144 కంప్యూటర్లతో కబ్రు అనే క్లస్టరును భౌతికశాస్త్ర పరిశోధన కొరకు నిర్మించింది. తెలంగాణలో, కందిలోని ఐఐటీ హైదరాబాదులో ఉన్న పరమ్ సేవ 2015లో మొదలైన జాతీయ సూపర్ కంప్యూటింగ్ మిషన్ కింద ఏర్పడినది.

నిర్మాణం

క్లస్టరులోని ఒక్కొక్క కంప్యూటరును నోడు అంటారు. వాటిలో ఒకటి ప్రధాన నోడు. వాడుకరులు దానిలోకే ప్రవేశించి పని అప్పగిస్తారు. మిగిలినవి గణన నోడులు. వాటికి తెర, కీబోర్డు అవసరం లేదు. అన్నీ ఒక నెట్‌వర్కు స్విచ్చికి కలుస్తాయి. గిగాబిట్ ఈథర్నెట్ సెకనుకు గరిష్ఠంగా 125 మెగాబైట్లు మోయగలదు. నోడుల మధ్య సంప్రదింపులు అరుదుగా ఉండే లెక్కలకు ఇది చాలు. క్షణక్షణం విలువలు మార్చుకోవలసిన లెక్కలకు ఇన్ఫినీబ్యాండ్ వంటి ఖరీదైన అనుసంధానం కావాలి.

ప్రోగ్రాములోని భాగాలు ఒకదానితో ఒకటి సందేశాలు పంపుకొనే పద్ధతికి 1994లో ఎంపీఐ అనే ప్రమాణం ఏర్పడింది. ఓపెన్ ఎంపీఐ, ఎంపిచ్ అనేవి దీనిని అమలు చేసే ఉచిత సాఫ్టువేర్లు.

వేగానికి హద్దు

పది కంప్యూటర్లు పెడితే పని పది రెట్లు వేగంగా జరుగుతుందనుకోవడం పొరపాటు. బాన్సువాడ వైపు నిజాంసాగర్ కాలువల కింద వరి సాగు ఇందుకు మంచి పోలిక. నాట్లకు ఎక్కువ మంది కూలీలు వస్తే పని తొందరగా ముగుస్తుంది. కానీ నారు పెరగడానికి పట్టే రోజులు కూలీల సంఖ్యను బట్టి తగ్గవు. లెక్కల్లోనూ ఇలా విడగొట్టడానికి వీలులేని భాగం ఒకటి ఉంటుంది. 1967లో జీన్ ఆమ్డాల్ చెప్పిన ఈ సూత్రాన్ని ఆమ్డాల్ నియమం అంటారు.

ఉదాహరణకు ఒక కంప్యూటరు మీద 10 గంటలు పట్టే లెక్కలో 1 గంట పని విడగొట్టరానిది అనుకొందాం. 9 కంప్యూటర్లు పెడితే మిగిలిన 9 గంటల పని 1 గంటలో అవుతుంది. మొత్తం 2 గంటలు, అనగా వేగం 5 రెట్లు. 90 కంప్యూటర్లు పెడితే 1.1 గంటలు, వేగం సుమారు 9 రెట్లు. ఎన్ని కంప్యూటర్లు చేర్చినా వేగం 10 రెట్లు దాటదు. సందేశాలకు పట్టే సమయాన్ని కూడా కలిపితే లాభం ఇంకా తగ్గుతుంది.

నిర్వహణ

క్లస్టరు కట్టడం కొద్ది రోజుల పని, నడపడం ఏళ్ళ తరబడి పని. అన్ని నోడులలో ఒకే సాఫ్టువేరు, ఒకే వాడుకరి పేర్లు, ఒకే గడియారపు సమయం ఉండాలి. ఇందుకోసం నోడులు ప్రధాన నోడు నుండి నెట్‌వర్కు ద్వారా ఆరంభమయ్యేలా అమరుస్తారు. ఎవరి పని ఎప్పుడు, ఏ నోడులపై నడవాలో స్లర్మ్ వంటి వరుస నిర్వాహకం తేలుస్తుంది. బయటి అంతర్జాలానికి ప్రధాన నోడు మాత్రమే కనబడాలి.

విద్యుత్తు ఖర్చును ముందే లెక్కించాలి. ఒక్కొక్కటి 150 వాట్లు వాడే 8 కంప్యూటర్లకు 1.2 కిలోవాట్లు కావాలి. రాత్రింబవళ్ళు నడిస్తే రోజుకు 28.8 యూనిట్లు, 30 రోజుల నెలకు 864 యూనిట్లు. ఆ విద్యుత్తు అంతా చివరికి వేడిగా మారి గదిలోనే చేరుతుంది గనుక చల్లబరచే ఖర్చు అదనం. కరెంటు పోయే చోట్ల యూపీఎస్‌తో పాటు, మధ్య ఫలితాలను అప్పుడప్పుడు డిస్కులో భద్రపరచే ఏర్పాటు ప్రోగ్రాములోనే ఉండాలి. లేనిచో మూడు రోజుల లెక్క మొదటి నుండి చేయవలసి వస్తుంది.

వేర్వేరు వయసుల కంప్యూటర్లను కలిపినప్పుడు పనిని సమంగా పంచితే అన్నీ అతి నెమ్మదైన దాని కొరకు వేచి ఉంటాయి. చిన్న చిన్న ముక్కలు చేసి, ముగించిన నోడుకు మరో ముక్క ఇవ్వడం మేలు.

పరిమితులు, ప్రయోజనం

అనేక కోర్లు గల కొత్త కంప్యూటరు ఒక్కటే చాలా సందర్భాల్లో పది పాత కంప్యూటర్ల క్లస్టరును మించుతుంది, తక్కువ విద్యుత్తుతో నడుస్తుంది. కనుక పరిశోధన ఫలితాలే లక్ష్యమైతే ముందుగా ఆ రెండింటినీ పోల్చుకోవాలి. అభ్యాసం లక్ష్యమైతే లెక్క వేరు. 2012లో ఇంగ్లండులోని సౌతాంప్టన్ విశ్వవిద్యాలయంలో 64 రాస్ప్‌బెర్రీ పై బోర్డులతో కట్టిన క్లస్టరు బోధనకు పనికివచ్చే నమూనాగా పేరుపొందింది. జుక్కల్ వంటి మండల కేంద్రంలోని విద్యాలయంలో పక్కన పెట్టిన నాలుగు కంప్యూటర్లు, ఒక స్విచ్చి, ఉచిత సాఫ్టువేరు ఉంటే చాలు. పనిని పంచడం, సందేశం కొరకు వేచి ఉండడం, ఒక నోడు ఆగిపోతే ఏమవుతుందో చూడడం విద్యార్థులు స్వయంగా నేర్చుకోవచ్చు. అక్కడ రాసిన ఎంపీఐ ప్రోగ్రాము, అవసరమైనప్పుడు అక్కడే తిరిగి కంపైలు చేస్తే, పెద్ద సూపర్ కంప్యూటరు మీద కూడా నడుస్తుంది.