నీళ్లున్నా దాహమే!

మాగాయ ముక్కలకు ఉప్పు కలిపి ఉంచితే మూడోనాటికి ఊట ఊరుతుంది కదా! ముక్కలోని నీటిని ఉప్పు బయటికి లాగేస్తుందన్నమాట. ఉప్పునీరు పెట్టిన వరిచేలోనూ ఇంచుమించు ఇదే జరుగుతుంది. మడి నిండా నీళ్లున్నా వేరు తాగలేదు. ఆకుల కొసలు తెల్లబడి ఎండిపోతాయి. లేత నారుకూ, పూతకూ ఉప్పు తగిలితే మరీ నష్టం. వెన్ను నిటారుగా నిలబడితే సంబరపడకండి, అందులో సగం తాలే!

మా పుట్టిల్లు దివిసీమలో. 1977 నవంబరు 19న ఉప్పెనతో సముద్రమే పొలాల మీదికొచ్చిన నేల అది. ఇప్పుడు ఉప్పు నెమ్మదిగా వస్తోంది. కాలువ నీరు చివరి భూములకు అందని ఏడు, పోటుకి ఎగదన్నిన మురుగు కాలువ నీళ్లే రైతుకు దిక్కు. ఆ నీరు ఆవిరైపోయినా ఉప్పు మట్టిలోనే ఉండిపోతుంది. వేసవికి తెల్లగా పైకి తేలుతుంది. అదే చౌడు.

మందు లేకపోలేదు. మంచినీరు నిలగట్టి మురుగులోకి తీసెయ్యాలి. జీలుగ వేసి దున్నాలి. కారుచౌడుకైతే ముందు జిప్సం చల్లాలి. కానీ మురుగు కాలువ పూడిపోతే ఆ నీరు ఎక్కడికి పోతుంది?

విసిగిన రైతు చేను కాస్తా రొయ్యల చెరువు చేస్తాడు. దాని ఊటతో పక్క చేనూ పాడవుతుంది. నాట్లు, కలుపుతీతలు పోతే ముందు పని పోయేది ఆడకూలీలకే. పూడిక తీయించమని పంచాయతీలో అడిగే హక్కు వాళ్లకు లేదంటారా?