డి.వి.డి. రాసే వేగం: ఎంత ఉంటే మేలు?

బెంగళూరు ఎలక్ట్రానిక్ సిటీలో చదువుకుంటూనో, ఉద్యోగం చేసుకుంటూనో తెలుగు అధ్యయనం సాగిస్తున్న విద్యార్థులను దృష్టిలో ఉంచుకొని ఈ వ్యాసం రాస్తున్నాము. 1978లో కర్ణాటక ప్రభుత్వ సంస్థ కియోనిక్స్ కోనప్పన అగ్రహారం, దొడ్డతోగూరు గ్రామాల భూముల్లో 332 ఎకరాల మేర ఈ పారిశ్రామిక వాడను నెలకొల్పింది. దీనికి చేరువలో ఉన్న ఆనేకల్, హోసూరు ప్రాంతాల్లో తరతరాలుగా తెలుగే ఇంటిభాషగా గల కుటుంబాలు అనేకం ఉన్నాయి. అక్కడి పెద్దవారి పలుకుబడి, పెళ్లిపాటలు, వ్యవసాయపు మాటలు రికార్డు చేయాలని పూనుకొనే విద్యార్థులకు మొదట ఎదురయ్యే ప్రశ్న భాషాశాస్త్రానికి చెందినది కాదు. సేకరించినది చెడిపోకుండా ఎట్లా దాచుకోవాలన్నదే ఆ ప్రశ్న.

పెన్ డ్రైవులు, ఇంటర్నెట్ నిల్వలు ఉండగా డి.వి.డి. దేనికని కొందరు అడగవచ్చు. డి.వి.డి.-ఆర్ రకపు డిస్కు మీద ఒకసారి రాసి ముగించిన తరువాత పొరపాటున చెరిపివేయడానికి గాని, వైరస్ వచ్చి మార్చివేయడానికి గాని వీలుండదు. పాట పాడిన అవ్వ ఇంట్లో పాత డి.వి.డి. ప్లేయరు ఉంటే, ఆమె పాటను ఆమెకే వినిపించడానికీ పనికివస్తుంది. అయితే ఈ ప్రయోజనం నెరవేరాలంటే డిస్కును సరిగా రాయాలి. సరిగా రాయడంలో వేగం ముఖ్యమైన అంశం.

ముందుగా ‘ఎక్స్’ అనే గుర్తు సంగతి చూద్దాం. సి.డి.కి ఒక ఎక్స్ అంటే సెకనుకు 150 కిలోబైట్లు. డి.వి.డి.కి ఒక ఎక్స్ అంటే సెకనుకు సుమారు 1,385 కిలోబైట్లు, అనగా సి.డి.కి తొమ్మిది రెట్లు. కాబట్టి రెండింటి ఎక్స్‌లను పోల్చరాదు. 4.7 జి.బి. డిస్కును ఒక ఎక్స్ వేగంతో నింపడానికి దాదాపు 57 నిమిషాలు, 4ఎక్స్‌తో 14 నిమిషాలకు పైగా పడుతుంది. 8ఎక్స్‌తో ఎనిమిది, తొమ్మిది నిమిషాలు చాలు.

ఈ లెక్కన 16ఎక్స్‌తో నాలుగు నిమిషాల్లో అయిపోవాలి గదా అనిపిస్తుంది. కాని అట్లా జరగదు. డిస్కు రాత లోపలి అంచున, కేంద్రం నుండి 24 మిల్లీమీటర్ల దూరంలో మొదలై, 58 మిల్లీమీటర్ల దగ్గర ముగుస్తుంది. 16ఎక్స్ డ్రైవు డిస్కును ఆద్యంతం ఒకే తీరున తిప్పుతుంది. ఒక చుట్టులో లోపలి అంచు సాగే దూరం తక్కువ, వెలుపలి అంచు సాగే దూరం ఎక్కువ. అందుచేత మొదట్లో వేగం ఆరున్నర ఎక్స్ ప్రాంతంలో ఉండి, చివరికి మాత్రమే 16ఎక్స్‌ను అందుకుంటుంది. మొత్తం మీద సగటు పదకొండు ఎక్స్‌కు కాస్త ఎక్కువ. అంటే 8ఎక్స్ బదులు 16ఎక్స్ ఎంచుకుంటే మిగిలేది రెండు మూడు నిమిషాలే. ఆ కాస్త కాలానికి చెల్లించే మూల్యం ఏమిటో చూడాలి.

రాసే డిస్కులో రెండు పలుచని ప్లాస్టిక్ పలకల నడుమ ఒక రంగుపూత ఉంటుంది. లేజరు కిరణం ఆ పూతను వేడిచేసి గుర్తులు ఏర్పరుస్తుంది. వాటిలో అన్నిటికంటె చిన్నది మైక్రానులో సగం కూడా ఉండదు. తాటాకు మీద గంటంతో రాసే లేఖకుణ్ణి తలచుకుంటే ఇది బోధపడుతుంది. చెయ్యి నెమ్మదిగా కదిలితే తేలిక ఒత్తిడి చాలు. చెయ్యి వడిగా కదిలితే గట్టిగా అదమాలి. అప్పుడు గీత ఎక్కడ మొదలయిందో, ఎక్కడ ఆగిందో అంత స్పష్టంగా ఉండదు. లేజరు విషయమూ ఇంతే. వేగం పెరిగినకొద్దీ ప్రతి గుర్తుకు దొరికే కాలం తగ్గుతుంది, లేజరు శక్తి పెంచవలసి వస్తుంది. 16ఎక్స్ దగ్గర డిస్కు నిమిషానికి తొమ్మిది వేల చుట్లకు పైగా తిరుగుతుంది. డిస్కు ఏ మాత్రం వంగి ఉన్నా, డ్రైవు కంపించినా గుర్తుల అంచులు చెదురుతాయి.

అట్లాగని నిదానమే ప్రధానమని అన్నిటికంటె తక్కువ వేగం ఎంచుకోవడమూ సరి కాదు. ఇది చాలామందికి ఉన్న అపోహ. 16ఎక్స్ డిస్కు పూత ఎక్కువ వేగానికి అనువుగా తయారైనది. ప్రతి డిస్కు మీద తయారీదారు సంకేతం ముందే ముద్రితమై ఉంటుంది. డ్రైవు దానిని చదివి, ఆ రకపు డిస్కుకు ఏ వేగంలో ఎంత శక్తి వాడాలో తన జ్ఞాపకంలోని పట్టికను బట్టి నిర్ణయించుకుంటుంది. ఆ పట్టికలో లేని వేగంలో రాయిస్తే ఫలితం బాగుండకపోవచ్చు.

కనుక మా సూచనలు ఇవి. 16ఎక్స్ అని ముద్రించిన డిస్కును 8ఎక్స్‌లో రాయండి. 8ఎక్స్ డిస్కుకు 4ఎక్స్ మంచిది. రెండు పొరల డిస్కును కూడా 4ఎక్స్ ప్రాంతంలోనే ఉంచండి. చెరిపి రాసే డిస్కులను వాటిపై ముద్రించిన వేగాల పరిధి దాటించకండి. ల్యాప్‌టాప్‌కు తగిలించే పలుచని డ్రైవుల్లో ఎక్కువ భాగం 8ఎక్స్‌కు మించవు. వీటికి విద్యుత్తు యు.ఎస్.బి. తీగ ద్వారానే అందుతుంది గనుక హబ్‌కు కాక నేరుగా కంప్యూటరుకే తగిలించాలి. రాయదలచిన ఫైళ్లను పెన్ డ్రైవులో ఉంచక, ముందుగా హార్డ్ డిస్కులోకి తెచ్చుకోవాలి.

కొనే డిస్కు విషయంలోనూ జాగ్రత్త అవసరం. మనదేశంలో పెద్దఎత్తున డిస్కులు తయారుచేసిన నోయిడా సంస్థ మోజర్ బేర్ ఆస్తులను అమ్మివేయాలని 2018లో కంపెనీ లా ట్రిబ్యునల్ ఆదేశించింది. ఈనాడు అంగడిలో దొరికే డిస్కు ఎన్నేళ్లుగా అరలో ఉన్నదో చెప్పలేము. అందువల్ల పెద్ద కట్ట కొన్నప్పుడు ముందు ఒక డిస్కును రాసి, పరీక్షించి చూడండి.

పరీక్ష అంటే ఫైలు తెరుచుకుంటే చాలదు. డి.వి.డి.లో తప్పులు దిద్దుకొనే ఏర్పాటు ఉంది. సమాచారాన్ని దిమ్మెలుగా విభజించి, ఒక్కొక్క దిమ్మెలో 208 వరుసలు అమరుస్తారు. వరుసగా ఎనిమిది దిమ్మెలలో, అంటే 1,664 వరుసలలో, తప్పున్నవి 280కి మించరాదని ప్రమాణం. ఈ దిద్దుబాటు వల్ల నాసిగా రాసిన డిస్కు కూడా నేడు చక్కగా పాడుతుంది. అయితే దిద్దుకొనే శక్తి అంతా రాసిన నాడే ఖర్చయిపోతే, ఏళ్లు గడిచి పూత వెలసినప్పుడు, గీతలు పడినప్పుడు ఆదుకొనేందుకు ఏమీ మిగలదు. సరైన వేగం వల్ల కలిగే అసలు లాభం ఈ మిగులే. రాసే సాఫ్ట్‌వేరులో ‘వెరిఫై’ అనే సదుపాయం తప్పక వాడండి. వీలైతే వేరొక కంప్యూటరులో డిస్కు అంతటినీ హార్డ్ డిస్కులోకి తిరిగి నకలు తీసి చూడండి. ఎక్కడైనా ఆగి ఆగి చదివితే ఆ డిస్కును నమ్మకండి.

ఎంత బాగా రాసినా ఒక్క డిస్కు మీదనే ఆధారపడకూడదు. రెండు వేరు వేరు తయారీల డిస్కుల మీద రాసి, ఒకటి మీ గదిలో, మరొకటి సొంత ఊరిలో ఉంచండి. హార్డ్ డిస్కులో మూడవ ప్రతి ఉండాలి. డిస్కులను ఎండ తగలని చోట నిలువుగా నిలిపి ఉంచండి. వాటిపై కాగితపు చీటీలు అంటించవద్దు. ఏడాదికొకసారి చదివించి చూడండి. ఈ పరీక్షలన్నీ ముగిసేవరకు ఫోనులోని అసలు రికార్డును చెరపవద్దు. డిస్కు పోతే మరొకటి కొనుక్కోవచ్చు. దానిలోని గొంతును మళ్లీ రికార్డు చేసే అవకాశం అన్నివేళలా ఉండదు.