ఎవరి చేతి రాత ఇది?

మా చెల్లెలి కూతురు హైదరాబాదులో గ్రాఫిక్ డిజైన్ చదువుతోంది. ఓ ఆదివారం మా ఇంటికి వచ్చి, టీ కూడా ముట్టుకోకుండా మూలన కూర్చుంది. ఏమైంది బేటీ అని అడిగాము. అప్పుడు సంచిలోంచి ఒక శుభలేఖ తీసి మా చేతిలో పెట్టింది.

కాలేజీలో ఇచ్చిన ప్రాజెక్టు అది. ఒక ముస్లిం కుటుంబం వారి పెళ్లికి ఉర్దూ, తెలుగు రెండు భాషల్లో శుభలేఖ తయారు చేయాలి. పైన బిస్మిల్లా, చుట్టూ పూల తీగ, కింద బంగారు రంగు అక్షరాలు. చూడటానికి ముచ్చటగానే ఉంది. కానీ వాళ్ల మేడమ్ ఒకే ఒక్క ప్రశ్న వేసిందట: "ఈ బిస్మిల్లా ఎవరి చేతి రాత?"

అమ్మాయి దగ్గర జవాబు లేదు. ఇంటర్నెట్‌లో దొరికింది, రంగు మార్చి పెట్టుకుంది. మేడమ్ మార్కులు వేయకుండా, మూడు వారాల్లో మళ్లీ చేసుకురమ్మంది.

"అందరూ ఇలాగే చేస్తారు మామూజాన్! దీన్ని ప్రేరణ అంటారు, దొంగతనం కాదు" అంది కళ్ల నీళ్లతో.

మాకు డిజైన్ చదువు తెలియదు. చిన్నప్పుడు మదరసాలో తఖ్తీ మీద వెదురు కలంతో అక్షరాలు దిద్దిన వాళ్లం మాత్రమే. అయినా మేడమ్ అడిగిన ప్రశ్న మా మనసులో ముల్లులా నాటుకుంది. ఇన్నేళ్లుగా మన ఇళ్లకు ఎన్ని శుభలేఖలు రాలేదు! వాటి మీది రాత ఎవరిదని మనలో ఒక్కరమైనా ఎప్పుడైనా అడిగామా?

మర్నాడు అమ్మాయిని వెంటబెట్టుకుని ఛత్తా బజారుకు వెళ్లాము.

మూడు చుక్కల అలిఫ్

పాతబస్తీలో ఛత్తా బజారంటే శుభలేఖల బజారు. అక్కడ ఒక అచ్చు దుకాణం వెనక గదిలో మాకు తెలిసిన కాతిబ్ సాబ్ ఒకరున్నారు. ముప్పై ఏళ్లు ఉర్దూ పత్రికలకు కితాబత్ చేసిన మనిషి. ఇప్పుడు కళ్లు మసకబారాయి. అయినా కలం పట్టుకుంటే చెయ్యి వణకదు.

అమ్మాయి వచ్చిన పని చెప్పింది. ఆయన ఏమీ అనలేదు. కలాన్ని సిరాలో ముంచి, ఏటవాలుగా కాగితానికి ఆనించి ఒక చుక్క పెట్టారు. అది గుండ్రటి చుక్క కాదు, మూల మీద నిలబెట్టిన చదరం. దాని మీద ఇంకొకటి, ఆ పైన మరొకటి పెట్టి, పక్కనే నిలువుగా అలిఫ్ గీశారు. సరిగ్గా మూడు చుక్కల ఎత్తు.

"నస్తలీఖ్‌లో అలిఫ్ ఇంతే. కలం మారితే చుక్క మారుతుంది, చుక్కతో పాటు అక్షరమూ మారుతుంది. కొలత మాత్రం మారదు" అన్నారు.

అమ్మాయి ముఖం వెలిగింది. "మా క్లాసులో దీన్నే గ్రిడ్ అంటారు!" అంది.

అక్షరాన్ని చుక్కతో కొలిచే ఈ పద్ధతిని స్థిరపరచిన వాడిగా ఖత్తాతీ చరిత్ర ఇబ్న్ ముఖ్లాను చెప్పుకుంటుంది. ఆయన బగ్దాదులో అబ్బాసీ ఖలీఫాల వద్ద వజీరుగా పనిచేశారు. రాజకీయాల్లో కుడి చెయ్యి నరికించుకుని, 940లో ఖైదులోనే కన్నుమూశారు. ఆ చేతితో పెట్టిన కొలత వెయ్యేళ్లు దాటి ఛత్తా బజారు వెనక గది దాకా నడిచి వచ్చింది. దివ్య ఖుర్‌ఆన్‌లో ఒక సూరాకు కలం పేరే ఉందని మనం గర్వంగా చెప్పుకుంటాము. మరి ఆ కలం పట్టిన చేతుల సంగతి మనకెంత తెలుసు?

నకలు వేరు, దొంగతనం వేరు

అమ్మాయి తన మనసులోని మాట కాతిబ్ సాబ్‌ను అడిగేసింది: "ఇంకొకరి రాత చూసి రాయడం తప్పా ఉస్తాద్?"

ఆయన నవ్వారు. "తప్పయితే మేమెవ్వరమూ కాతిబులం కాము బేటీ. ఉస్తాద్ పైన ఒక వరుస రాస్తాడు, షాగిర్ద్ దాని కిందనే రాస్తాడు. వంకర పోయిన చోట ఉస్తాద్ దిద్దుతాడు. దాన్నే మష్క్ అంటాము. ఏళ్ల తరబడి నకలే మా చదువు. కానీ ఉస్తాద్ ఇజాజత్ ఇచ్చేదాకా కింద సంతకం పెట్టడానికి వీల్లేదు."

పాఠకులు ఈ మాటను కాస్త నిదానంగా ఆలోచించాలి. నకలు చేయించి నేర్పే విద్యే సంతకం దగ్గర అంత కఠినంగా ఉంది. ఉస్మానీ తుర్కుల కాలంలో ఉస్తాదులు ఇజాజత్‌ను రాతపూర్వకంగా ఇచ్చేవారు. అది అందాకే షాగిర్ద్ తన రాత కింద "కతబహు", అంటే "రాసినవాడు" అని పేరు పెట్టుకునేవాడు. ఎవరి దగ్గర నేర్చుకున్నామో చెప్పుకుంటూ రాస్తే అది నకలు. దాచిపెట్టి మనదే అంటే దొంగతనం. అమ్మాయి వెతుకుతున్న ప్రేరణ అనే మాటకు ఇంతకన్నా మంచి అర్థం మాకు తోచలేదు.

మాటల్లో కాతిబ్ సాబ్ ఒక సంగతి చెప్పారు. ఎన్నడో తాను రాసిచ్చిన బిస్మిల్లాను ఎవరో ఫొటో తీసి దాచుకున్నారట. అది చేతులు మారి వేల కార్డుల మీదికి ఎక్కింది. ఒకసారి ఆయనకే ఒక పెళ్లి పిలుపు వచ్చింది. తెరిచి చూస్తే పైన తన బిస్మిల్లా! "దావత్‌కు వెళ్లి బిర్యానీ తిని వచ్చాను. నా మజూరీ అదే అనుకున్నాను" అంటూ నవ్వారు. మాకు మాత్రం నవ్వు రాలేదు.

కంప్యూటర్ లోపలా ఒక చెయ్యే

కంప్యూటర్ వచ్చాక కాతిబులకు పని పోయింది. నస్తలీఖ్‌లో పదం పైనుంచి కిందికి ఏటవాలుగా దిగుతుంది, పక్క అక్షరాన్ని బట్టి ప్రతి అక్షరమూ రూపు మార్చుకుంటుంది. అందుకే చాలాకాలం అది యంత్రానికి లొంగలేదు. 1981లో పాకిస్తాన్‌కు చెందిన మిర్జా అహ్మద్ జమీల్ దాదాపు 20,000 అక్షర గుచ్ఛాలతో నూరీ నస్తలీఖ్‌ను తయారు చేశారు. 1994లో మన దేశంలో ఇన్‌పేజ్ వచ్చింది. ఆ తర్వాత ఉర్దూ పత్రికలు ఒక్కొక్కటిగా కలం నుంచి కీబోర్డుకు మారాయి. 1927లో మద్రాసులో మొదలైన 'ముసల్మాన్' దినపత్రిక మాత్రం కంప్యూటర్ల కాలంలోనూ కాతిబుల చేతనే రాయించుకుని పేరు తెచ్చుకుంది.

అంతమాత్రాన ఫాంటు యంత్రం కన్నది కాదు. నూరీ నస్తలీఖ్ వెనక ఉన్నదీ ఒక ఖత్తాత్ చెయ్యే. తెలుగు వారికి దూరం పోనక్కరలేదు. బాపు గారి చేతి రాత ఫాంటుగా మారి ఎన్ని శుభలేఖల మీద కనిపించలేదు! అయితే అది బాపు అక్షరమని తెలుగు వాళ్లందరికీ తెలుసు. ఉర్దూ కాతిబుకు ఆ భాగ్యం దక్కలేదు.

మూడు వారాల తర్వాత

అమ్మాయి రోజూ కాలేజీ అయ్యాక ఛత్తా బజారుకు వెళ్లింది. మూడు వారాల్లో ఖత్తాతీ వస్తుందా? రాలేదు. అలిఫ్ కాస్త నిలబడింది, బే మాత్రం పడవలా ఒరిగిపోతూనే ఉంది. గడువు దగ్గర పడింది. అప్పుడు అమ్మాయి ఒక నిర్ణయానికి వచ్చింది. బిస్మిల్లాను ఉస్తాద్ చేతనే రాయించుకుంది. డబ్బు వద్దన్నా వినకుండా మజూరీ ఆయన చేతిలో పెట్టింది. తెలుగు అక్షరాలు మాత్రం తానే గీసింది. ఉస్తాద్ ఇచ్చిన వెదురు కలంతోనే చుక్కలు పెట్టి, అకారం గుండ్రదనానికి ఎన్ని, తలకట్టుకు ఎన్ని అని కొలుచుకుంటూ గీసింది.

ఇంకొకటి కూడా చేసింది. పెళ్లయ్యాక శుభలేఖలు చెత్తబుట్టల పాలవుతాయి, వాటితో పాటే పవిత్ర వచనమూ. ఆ భయంతోనే చాలామంది 786 అని అచ్చు వేయించి ఊరుకుంటారు. అమ్మాయి బిస్మిల్లా ఉన్న పైభాగం కింద చిల్లుల గీత వేసింది. దాన్ని చింపి ఇంట్లో దాచుకోవచ్చు. వెనక వైపు చిన్న అక్షరాల్లో కాతిబ్ సాబ్ పేరు, ఆ కింద "తెలుగు అక్షరాలు" అని తన పేరు వేసింది.

మార్కులు మరీ గొప్పగా ఏమీ రాలేదు. తెలుగు అక్షరాలు ఇంకా బిగుతుగా ఉన్నాయని మేడమ్ తగ్గించిందట. కానీ కార్డు కన్నా, దానితో జత చేసిన మష్క్ కాగితాలనే ఎక్కువసేపు తిరగేసిందట.

తల్లిదండ్రులకు మా మనవి ఒక్కటే. పిల్లలు బొమ్మలు, అక్షరాలు, రంగులు అంటే ఇదేం చదువని చిన్నచూపు చూడకండి. ఇంట్లో పెళ్లి కుదిరి కార్డు వేయించేటప్పుడు, దుకాణదారుణ్ణి "ఇది ఎవరి రాత?" అని ఒక్కమాట అడగండి. వీలైతే ఒక కాతిబును వెతికి, తగిన మజూరీ ఇచ్చి రాయించుకోండి.

ప్రాజెక్టు ముగిసినా మా మేనకోడలు ఆదివారాలు ఛత్తా బజారుకు వెళ్తూనే ఉంది. ఇప్పుడు జీమ్ దిద్దుతోంది. ఉస్తాద్ ఇంకా సంతకం పెట్టనివ్వడం లేదు.