చిలికా సరస్సు తీరాన

పార్వతీపురం పరిసరాలలో నివసించేవారికి నీటి విస్తారమనగానే నాగావళియో, తోటపల్లి జలాశయమో జ్ఞప్తికి వచ్చును. అయితే ఉత్తరాన ఒక్క పగటి ప్రయాణములో, ఆవలి గట్టు కంటికానని సరస్సు మరొకటి ఉన్నది. అదియే ఒడిశాలోని చిలికా. వేసవిలో సుమారు 900 చదరపు కిలోమీటర్లు ఉండే ఈ సరస్సు వానకాలమున 1,165 దాక విస్తరించును.

పార్వతీపురంలో రైలెక్కి విజయనగరం చేరి, అచట హౌరా వైపు పోవు బండిని అందుకొనవలెను. పలాస, ఇచ్ఛాపురం, బరంపురం దాటిన పిదప, రంభ సమీపమున కుడిచేతి కిటికీలోనుండి నీరు కనబడును. అచటినుండి బాలుగావ్ మీదుగా రైలుదారి చాలదూరము సరస్సు నానుకొనియే సాగును. ఈ దక్షిణపు గట్టున తెలుగు కొత్త భాష కాదు. గంజాం జిల్లా 1936 వరకు మద్రాసు రాజధానిలోనిదే. చిలికాలో వలవేయువారిలో తెలుగు మాట్లాడే నోలియాలును ఉన్నారు.

రంభ వద్ద కొండలు, రాతి దీవులు చూడదగినవి. బాలుగావ్, బార్కుల్‌లనుండి పడవపై కాళీజాయి దీవికి పోవచ్చును. అచటి అమ్మవారికి మకరసంక్రాంతినాడు పెద్ద తీర్థము జరుగును. నలబన దీవి వానకాలమున మునిగి, శీతకాలమున బయటపడి, పక్షులకు విడిది యగును. బైకాల్ సరస్సు, కాస్పియన్ సముద్ర ప్రాంతాలనుండి సైతము పక్షులు వచ్చును. ఇటీవలి గణనలలో వీని సంఖ్య 10 లక్షలు మించినది. ఉత్తరపు గట్టుననున్న మంగళాజోడిలో ఒకనాడు పక్షులను వేటాడినవారే నేడు వాటికి కాపరులై, యాత్రికులకు పడవలు నడుపుచున్నారు. పూరీ వైపుననున్న సాతపడా వద్ద ఇరావతి డాల్ఫిన్లు కానవచ్చును.

ఈ వైభవమంతయు ఒక ద్వారముపై ఆధారపడియున్నది. మహానది పాయలు మంచినీటిని, సముద్రము ఉప్పునీటిని తెచ్చి ఇందులో కలుపును. రొయ్యపిల్లలు, చేపపిల్లలు సముద్రమునుండి లోనికి రావలెనన్న ముఖద్వారము తెరచియుండవలెను. నదులు తెచ్చిన ఒండ్రు వలనను, కెరటాలు తెచ్చిన ఇసుక వలనను ఆ దారి క్రమముగా పూడినది. ఉప్పదనము తగ్గెను, కలుపు పెరిగెను, వలలు వట్టిగా వచ్చెను. ప్రమాదములోనున్న చిత్తడినేలల అంతర్జాతీయ పట్టికలో 1993లో చిలికా పేరు చేరినది.

2000 సెప్టెంబరులో ఇసుకతిన్నెను కోసి కొత్త ముఖద్వారము తెరచిరి. సముద్రమునకు దారి సుమారు 18 కిలోమీటర్లు తగ్గినది. 1999-2000లో 1,750 టన్నులకు దిగిన మత్స్యసంపద, రెండేండ్లలో 12,000 టన్నులకు చేరువైనది. 2002లో చిలికా పేరు ఆ పట్టికనుండి తొలగినది. సుమారు రెండు లక్షలమంది మత్స్యకారుల కూడు దీనితో ముడివడియున్నది.

కనుక చూడబోవువారికి మా మనవి ఇది. నవంబరు, ఫిబ్రవరి నెలల నడుమ పొండు. డాల్ఫిన్లను తరుముమని పడవవానిని తొందరపెట్టకుడు. పక్షులకు దూరముగా నిలువుడు. మన పులికాటు సరస్సును చిలికావలెనే ముఖద్వారాల పూడికతో బాధపడినది. తిరిగి వచ్చునపుడు ఆ సరస్సును తలచుకొనుట మన విధి. గట్టున నిలిచి చూచు అందము, ఇసుకలో తెరచియుండు ఆ ఇరుకుదారి పెట్టిన భిక్షయే.