సున్నపురాతి సీమలో ఇన్నోవా

నరసరావుపేట పల్నాడు రోడ్డులో కాసేపు నిలబడితే ఏపీ 07 నంబరున్న ఇన్నోవా ఒకటైనా కంటపడుతుంది. 2019లో రాష్ట్రమంతా ఏపీ 39 సిరీస్‌లోకి మారిపోయింది కాబట్టి, గుంటూరు జిల్లా పాత నంబరు చూడగానే బండి వయసు కొంత తెలిసిపోతుంది. అది 2016కు ముందు మోడల్ అయితే పదేళ్లో, అంతకు మించో వయసున్న బండి అన్నమాట. పెళ్లిళ్లకు, తిరుపతికి, హైదరాబాదు ఆసుపత్రులకు, కోటప్పకొండ తిరునాళ్లకు ఇంటిల్లిపాదినీ మోసి, ఇంకా మోస్తూనే ఉంటుంది. ఇంత పెద్ద కుటుంబ వాహనం ఇన్నేళ్లు ఎలా నిలబడుతోందని అడిగితే చాలామంది 'ఇంజిన్ గట్టిది' అని ఒక్క మాటలో తేల్చేస్తారు. అది సగం జవాబే. మిగతా సగం కోసం పల్నాడు మట్టినీ నీళ్లనూ చూడాలి.

ఈ బండి వంశం ఇండోనేషియాలో మొదలైంది. టయోటా 1977లో అక్కడ కిజాంగ్ అనే బండిని విడుదల చేసింది. పల్లె దారులు, మితిమీరిన బరువులు, పెద్దగా పనిముట్లు లేని షెడ్లు, వీటన్నిటినీ లెక్కలో పెట్టుకుని తయారుచేసిన చవక బండి అది. దాని మూడో తరమే కొద్ది మార్పులతో 2000 జనవరిలో క్వాలిస్‌గా మన దేశానికి వచ్చింది. తయారీ బెంగళూరు దగ్గరి బిడదిలో. అప్పటిదాకా పల్నాడులో పదిమంది కలిసి ఊరెళ్లాలంటే మహీంద్రా జీపు, లేదంటే 1994లో వచ్చిన టాటా సుమో. క్వాలిస్ వాటికన్నా మెత్తగా నడిచింది, తక్కువగా ఆగింది. దాని 2,446 సీసీ డీజిల్ ఇంజిన్‌కు టర్బో లేదు, శక్తి 75 పీఎస్ మాత్రమే. అది బాగా అమ్ముడవుతున్న రోజుల్లోనే కంపెనీ దాన్ని ఆపేసి, 2005 ఫిబ్రవరిలో ఇన్నోవాను దించింది.

ఆ నిర్ణయం వెనుక ఐఎంవీ అనే పెద్ద పథకం ఉంది. జపాన్‌లో తయారుచేసి బయటి దేశాలకు పంపే పద్ధతిని పక్కనపెట్టి, థాయిలాండ్, ఇండోనేషియా లాంటి దేశాల్లోనే తయారుచేసి ప్రపంచమంతా అమ్మాలన్నది దాని ఉద్దేశం. 2004లో ఒకే మూలం నుంచి హైలక్స్ పికప్, ఇన్నోవా, ఫార్చ్యూనర్ ఒకదాని వెంట ఒకటి బయటికొచ్చాయి. ఫార్చ్యూనర్ మన దగ్గరికి 2009లో చేరింది. గురజాల, మాచర్ల రోడ్ల మీద ఇన్నోవాకు ఎడమిచ్చి దూసుకుపోయే ఫార్చ్యూనర్, పైకి వేరే జాతిలా కనిపించినా, అడుగున దాని అన్నదమ్ముడే.

ఆ అడుగు భాగాన్ని ఒకసారి చూడాలి. షెడ్డులో ఇన్నోవాను ర్యాంపు ఎక్కించి కిందికి దూరితే, ముందు నుంచి వెనక్కి రెండు పొడవాటి ఉక్కు దూలాలు, వాటిని కలుపుతూ అడ్డ పట్టీలు కనిపిస్తాయి. ఇదే నిచ్చెన చాసిస్. ఇంజిన్, గేరుబాక్సు, వెనక హౌసింగ్, అన్నీ దానికే బిగిసి ఉంటాయి. మనుషులు కూర్చునే బాడీ మాత్రం రబ్బరు బుష్‌ల మీద కూర్చుని బోల్టులతో పట్టుకుని ఉంటుంది. గుంతలో చక్రం పడ్డప్పుడు ఆ మెలిక ముందు చాసిస్ తీసుకుంటుంది. రబ్బర్లు కొంత మింగాక మిగిలిందే బాడీకి చేరుతుంది. అందుకే ఏళ్ల తరబడి తిరిగినా తలుపులు సరిగ్గానే పడతాయి. దీనికి ఖరీదు బరువు రూపంలో కట్టాలి. మైలేజీ తగ్గుతుంది, వేగంలో మలుపు తిరిగితే బండి ఒరుగుతుంది. ఎక్కువకాలం ఉంచుకునే కుటుంబానికి మాత్రం ఇది లాభసాటి బేరం, ఎందుకంటే అరిగేవన్నీ విడివిడిగా విప్పి మార్చుకోదగ్గ భాగాలే. బుష్, బాల్ జాయింట్, షాక్ అబ్జార్బరు ఏది పోయినా దాన్ని ఒక్కదాన్నే మార్చుకోవచ్చు. నరసరావుపేటలో దొరకని సామాను విజయవాడ ఆటోనగర్‌లో దొరుకుతుంది.

ఇంజిన్ సంగతి. తొలి ఇన్నోవాలో ఉన్నది 2కేడీ అనే 2,494 సీసీ టర్బో డీజిల్. బ్లాకు పోత ఇనుము. శక్తి 102 పీఎస్, అంటే లీటరు ఘనపరిమాణానికి దాదాపు 41. దాని తర్వాత 2016లో వచ్చిన క్రిస్టాలో 2,393 సీసీ ఇంజిన్ 150 పీఎస్ ఇస్తుంది, లీటరుకు దాదాపు 63. అదే పరిమాణం నుంచి సగానికి సగం ఎక్కువ పని పిండుతున్నారన్నమాట. పాత ఇన్నోవా పరుగెత్తదని విసుక్కున్నవాళ్లు ఉన్నారు. ఆ మందకొడితనమే దాని ఆయుష్షు. పిస్టన్ల మీద ఒత్తిడి తక్కువ, వేడి తక్కువ, అరుగుదల తక్కువ.

ఇప్పుడు నేల దగ్గరికి వద్దాం. పల్నాడు కింద కోట్ల ఏళ్ల నాటి నార్జి సున్నపురాయి పరుచుకుని ఉంది. ఆ రాయి వల్లే మాచర్లలో కేసీపీ సిమెంటు కర్మాగారం వెలిసింది. ఆ రాయి వల్లే పిడుగురాళ్లలో వరుసగా సున్నం బట్టీలు మండుతున్నాయి. ఇక్కడ తిరిగే బండిలోకి ఈ రాయి రెండు దారుల్లో దూరుతుంది. ఒకటి గాలి, రెండోది నీరు.

గాలి దారిలో ఎంత ధూళి రాగలదో చిన్న లెక్క చెబుతుంది. రెండున్నర లీటర్ల ఫోర్ స్ట్రోక్ ఇంజిన్ నిమిషానికి 2,000 చుట్లు తిరిగితే, టర్బో సాయం లేకపోయినా దాదాపు 2,500 లీటర్ల గాలి పీలుస్తుంది. టర్బో ఉంటే ఇంకా ఎక్కువ. ఆ గాలికీ సిలిండరుకూ మధ్య ఉన్న కాపలా ఒక్క మడతల కాగితపు ఫిల్టరే. సున్నపురాయి పొడి మెత్తనిదే, మోస్ కొలమానంలో దాని కాఠిన్యం 3. రోడ్డు మట్టిలో కలిసి ఉండే ఇసుక, అంటే క్వార్ట్జ్, కాఠిన్యం 7. అది మామూలు ఉక్కును గీరేయగలదు. మెత్తని పొడి ఫిల్టరును త్వరగా మూసేస్తే, గట్టి రేణువు కాస్త సందు దొరికినా లోపలికి జారి రింగులను, సిలిండరు గోడలను అరగదీస్తుంది. కొన్నాళ్లకు ఆయిల్ తగ్గడం మొదలవుతుంది, నీలంపొగ కనిపిస్తుంది, చివరికి ఇంజిన్ దించి బోర్ చేయించే దాకా వస్తుంది.

ఇక్కడ మంచి ఉద్దేశంతోనే ఒక హాని జరుగుతోంది. ఫిల్టరు తీసి హై ప్రెషర్ గాలి గన్నుతో బయటివైపు నుంచి కొడతారు. కాగితంలో కంటికి కనపడని చిల్లులు పడతాయి, ధూళి లోపలివైపుకే చేరుతుంది. గాలి కొట్టాలంటే తక్కువ ఒత్తిడితో, శుభ్రంగా ఉన్న లోపలి ముఖం నుంచి బయటికి కొట్టాలి. ఇంకో విషయం చాలామందికి నమ్మబుద్ధి కాదు. కొత్త ఫిల్టరు కన్నా కొంచెం ధూళి పట్టిన ఫిల్టరే సన్నని రేణువులను బాగా ఆపుతుంది. కాబట్టి వారానికోసారి విప్పి దులపడం కన్నా, డబ్బా అంచున రబ్బరు సరిగ్గా కూర్చుందా, క్లిప్పులు బిగిశాయా అని చూసి, సమయానికి కొత్తది వేయడమే మేలు. ధూళి ప్రాంతాల్లో మామూలు గడువుకు ముందే మార్చాలని కంపెనీ మాన్యువల్‌లోనే రాసి ఉంటుంది. పిడుగురాళ్ల, దాచేపల్లి, నడికుడి మధ్య తిరిగే బండి ఆ కోవలోకే వస్తుంది.

రెండో దారి నీరు. రాష్ట్రంలో ఎండలకు పేరుపడ్డ రెంటచింతల పల్నాడు జిల్లాలోనే ఉంది. మేలో అక్కడ 45 డిగ్రీలు దాటడం కొత్తేం కాదు. రేడియేటరు వేడిని ఎంత వదలగలదనేది లోపలి కూలెంట్‌కూ బయటి గాలికీ ఉన్న తేడా మీద ఆధారపడుతుంది. కూలెంట్ 90 డిగ్రీల దగ్గర ఉందనుకుంటే, 30 డిగ్రీల రోజున తేడా 60. 46 డిగ్రీల రోజున 44 మాత్రమే. అంటే అదే రేడియేటరు పావు వంతుకు పైగా బలం కోల్పోయినట్టు. పైగా ఆ నెలలే పెళ్లిళ్ల నెలలు. బండి నిండా జనం, పైన సామాను, ఏసీ ఆగకుండా తిరుగుతూ ఉంటుంది.

అలాంటి రోజున దారిలో ఇంజిన్ వేడిని చూపే సూది పైకి లేస్తే, దగ్గర్లోని బోరు నీళ్లు తెచ్చి పోయడం అలవాటు. సున్నపురాతి పొరల్లోంచి వచ్చిన నీరు అది. అందులో కరిగి ఉన్న కాల్షియం బైకార్బొనేటు వేడికి విడిపోయి కార్బొనేటుగా పేరుకుంటుంది. బోరు నీళ్లు కాచిన గిన్నె అడుగున కనిపించే తెల్లటి పొరే రేడియేటరు సన్న గొట్టాల లోపలా కడుతుంది. ఆ పొర వేడిని అల్యూమినియం మోసేదాంట్లో సుమారు వందో వంతు మాత్రమే మోస్తుంది. ఒక వేసవిలో నాలుగుసార్లు బోరు నీళ్లు పోస్తే మరుసటి వేసవికి సూది ఇంకా తొందరగా లేస్తుంది, మళ్లీ నీళ్లు పోస్తారు. చివరికి హెడ్ గ్యాస్కెట్ పోతుంది, నింద ఇంజిన్ మీద పడుతుంది. తప్పనిసరై పోసినా, ఇల్లు చేరాక మొత్తం దించేసి సరైన కూలెంట్ నింపితే ఇదంతా తప్పుతుంది. డిక్కీలో కూలెంట్ డబ్బా ఒకటి పెట్టుకోవడం అంతకన్నా సులువు. రేడియేటరు మూత రబ్బరు గట్టిపడిందేమో కూడా చూసుకోవాలి. ఆ మూత ఒత్తిడి నిలపబట్టే కూలెంట్ వంద డిగ్రీలు దాటినా మరగకుండా ఉంటుంది.

బట్టీల పక్క రోడ్లలో తిరిగే బండ్లకు మరో బెడద కూడా ఉంది. కాల్చిన సున్నం తడి తగిలితే క్షారంగా మారి అల్యూమినియాన్ని తింటుంది. రేడియేటరు రెక్కలు, ఏసీ కండెన్సరు రెండూ అల్యూమినియమే. తెల్లపొడి పట్టిన బండి మీద తొలకరి జల్లు పడి ఆరిపోయేకన్నా, ముందు పొడి దులిపి తర్వాత ధారాళంగా నీళ్లు కొట్టి కడిగేయడం మంచిది.

టయోటా అనగానే తప్పులే లేవనుకోవడం పొరపాటు. కేడీ ఇంజిన్లలో ఇంజెక్టరు కూర్చునే చోట రాగి సీలు ఉంటుంది. అది వదులైతే మండిన వాయువులు పైకి చిమ్మి, ఆయిల్‌ను మసిముద్దగా మారుస్తాయి. ఆ మసి అడుగుకు దిగి ఆయిల్ పీల్చే జాలీని మూసేస్తుంది. నూనె అందని ఇంజిన్ ఉన్నట్టుండి పట్టేస్తుంది. పొద్దున్నే స్టార్ట్ చేసినప్పుడు టక్‌టక్‌మనే చప్పుడు, ఆయిల్ మూత తిప్పితే లోపల గట్టిపడ్డ నల్లటి పెచ్చు, ఇవే సీలు వదులైందనడానికి గుర్తులు. మూత విప్పి చూడటానికి అర నిమిషం చాలు, పాత బండి కొనేవాళ్లు మాత్రం సీటు కవర్లు చూసినంత శ్రద్ధగా దాన్ని చూడరు.

టైమింగ్ బెల్టు ఇంకొకటి. గడువు రాగానే మీటరులో టీ-బెల్ట్ దీపం వెలుగుతుంది. దీపం ఆర్పడం వేరు, బెల్టు మార్చడం వేరు. నడుస్తుండగా అది తెగితే వాల్వులు, పిస్టన్ల లయ తప్పి హెడ్ మొత్తం విప్పాల్సి వస్తుంది. క్రిస్టాలో, రెండో తరం ఫార్చ్యూనర్‌లో వచ్చిన జీడీ ఇంజిన్లు బెల్టుకు బదులు చైను వాడాయి, ఆ బాధ అక్కడితో పోయింది.

అయితే కొత్త బాధ ఒకటి వచ్చింది. దేశమంతటా డీజిల్‌లో గంధకం 2010 నాటి బీఎస్3లో కిలోకు 350 మిల్లీగ్రాముల దాకా ఉండేది. 2017లో బీఎస్4తో 50కి, 2020 ఏప్రిల్‌లో బీఎస్6తో 10కి దిగింది. ఊపిరితిత్తులకు ఇది నిజమైన మేలు. దానితో పాటు సైలెన్సరు దారిలో మసిని పట్టే డీపీఎఫ్ వచ్చింది. పట్టిన మసిని 600 డిగ్రీల దరిదాపు వేడిలో కాల్చేస్తేనే అది మళ్లీ ఖాళీ అవుతుంది. ఇంటి నుంచి మార్కెట్టుకు, మార్కెట్టు నుంచి బడికి తిరిగే బండిలో అంత వేడి పుట్టదు. ఈ భాగమే ఆస్ట్రేలియాలో టయోటాను కోర్టుకు ఈడ్చింది. 2015 అక్టోబరు నుంచి 2020 ఏప్రిల్ మధ్య అమ్మిన సుమారు 2.64 లక్షల హైలక్స్, ఫార్చ్యూనర్, ప్రాడో బండ్లలో డీపీఎఫ్ వ్యవస్థ లోపభూయిష్ఠమని అక్కడి ఫెడరల్ కోర్టు 2022లో తేల్చింది. పల్నాడు యజమాని దీన్నుంచి నేర్చుకోదగ్గది ఒకటే. డీపీఎఫ్ దీపం వెలిగితే బండిని ఒకసారి నరసరావుపేట నుంచి గుంటూరు దాకా, సుమారు 45 కిలోమీటర్లు, ఆపకుండా నిలకడ వేగంతో నడిపించాలి. దీపం వెలిగి నెలలు గడిచాక ఆ ప్రయాణం కూడా పనిచేయదు, షోరూంలో వదలాల్సిందే.

పాత బండ్ల గిరాకీకి ఢిల్లీ కూడా ఒక కారణం. అక్కడ పదేళ్లు దాటిన డీజిల్ బండ్లు తిరగకూడదని 2015లో హరిత ట్రిబ్యునల్ చెప్పింది, 2018లో సుప్రీంకోర్టు సమర్థించింది. దాంతో అక్కడి ఇన్నోవాలు, ఫార్చ్యూనర్లు చవకగా దక్షిణాదికి దిగాయి. కొనేవాళ్లు బండి ధర ఒక్కటే చూస్తే చాలదు. ఎన్వోసీ, ఇక్కడి లైఫ్ ట్యాక్స్, రిజిస్ట్రేషన్‌లో మిగిలిన ఏళ్లు లెక్కేసుకోవాలి. సొంత బండి రిజిస్ట్రేషన్ 15 ఏళ్లకు ముగుస్తుంది, ఆ తర్వాత తనిఖీ చేయించి ఐదేళ్లకోసారి పొడిగించుకోవాలి. డిజిటల్ మీటరు చూపే కిలోమీటర్లను నమ్మేకన్నా క్లచ్ పెడల్ రబ్బరు, స్టీరింగ్ తోలు, డ్రైవరు సీటు అంచు చూస్తే అసలు తిరుగుడు తెలుస్తుంది. సర్వీసు రికార్డు చేతికిచ్చే అమ్మకందారుకు పది వేలు ఎక్కువిచ్చినా నష్టం లేదు.

2022 నవంబరులో ఆవిష్కరించిన హైక్రాస్‌తో ఈ వంశం దారి మార్చింది. నిచ్చెన చాసిస్ లేదు, డీజిల్ లేదు, లాగేవి ముందు చక్రాలు. పెట్రోలు ఇంజిన్‌కు తోడు నికెల్ మెటల్ హైడ్రైడ్ బ్యాటరీ ఉన్న హైబ్రిడ్ వచ్చింది, బ్యాటరీకి ఎనిమిదేళ్లు లేదా 1.6 లక్షల కిలోమీటర్ల వారంటీ ఇస్తున్నారు. డీజిల్ కావాలనేవాళ్ల కోసం క్రిస్టాను 2023లో మళ్లీ తెచ్చారు. హైబ్రిడ్ బ్యాటరీని చల్లబరిచేది క్యాబిన్‌లోని గాలే. ఆ గాలి పీల్చే జాలీకి సామాన్లు అడ్డం పెట్టకూడదు, దుమ్ము పేరుకోనివ్వకూడదు. అద్దాలు దించుకుని బట్టీల రోడ్డు మీద తిరిగేవాళ్లు ఎయిర్ ఫిల్టరుతో పాటు ఈ జాలీని కూడా ప్రతి సర్వీసులో విప్పి చూడమని అడిగి చేయించుకోవాలి.