మగ్గమునుండి మోటారుకారు వరకు

మగ్గముపై బట్ట నేయుటను చూచినవారికి ఒక సంగతి తెలిసియే యుండును. పడుగులో ఒక పోగు తెగినచో నేతగాడు వెంటనే చేయి ఆపును. తెగిన పోగును అతికి, పిమ్మట మరల నాడెను ఆడించును. అట్లు ఆపక నేసికొని పోయినచో బట్ట పొడవునను లోపము సాగును. చేతితో నేయునప్పుడు ఈ కాపలా పనిని మనుష్యుని కన్ను చేయును. కాని మరమగ్గమునకు కన్ను లేదు. పోగు తెగినను అది నేయుచునే యుండును. అందుచేత ఆ మగ్గములను కనిపెట్టుటకు మనుష్యులు ప్రక్కనే నిలువవలసి వచ్చెను.

ఈ చిక్కును తీర్చినవారిలో జపాను దేశీయుడగు సకిచి టొయోడా ముఖ్యుడు. ఆయన 1867లో ఒక వడ్రంగి ఇంట జన్మించెను. 1924లో ఆయనయు, ఆయన కుమారుడు కీచిరోయు కలిసి ఒక స్వయంచాలక మగ్గమును సిద్ధము చేసిరి. అందు పోగు తెగినచో యంత్రము తనంతట తానే ఆగిపోవును. ఇట్టి మగ్గములలో పడుగు పోగుపై పలుచని లోహపు రేకు వ్రేలాడుచుండును. పోగు బిగువుగా నున్నంతసేపు రేకు పైననే నిలుచును. పోగు తెగగానే రేకు జారిపడి మగ్గమును నిలుపును. ఇక మనుష్యుడు ఒక్క మగ్గమునకు కావలి కాయనక్కరలేదు. ఒక్కడే పెక్కు మగ్గములను చూచుకొనవచ్చును.

ఈ చిన్న ఊహకును మోటారుకార్లకును సంబంధమేమి? నేడు ప్రపంచములోని పెద్ద కార్ల సంస్థలలో ఒకటియైన టొయోటా ఈ మగ్గముల కర్మాగారమునుండియే పుట్టినది. తప్పు కనబడినచో పని ఆపవలెనను సూత్రము కూడ అచ్చటినుండియే కార్ల తయారీకి వచ్చినది.

కార్ల తయారీకి పూనుకొనుట

1929లో ఇంగ్లండులోని ప్లాట్ బ్రదర్సు అను యంత్రనిర్మాతలు ఈ మగ్గపు పేటెంటు హక్కులను లక్ష పౌనులకు కొనుటకు ఒప్పందము చేసికొనిరి. 1933లో కీచిరో మగ్గముల కర్మాగారములోనే కార్ల విభాగమును తెరచెను. 1937లో అది వేరు సంస్థయైనది. కుటుంబము పేరు టొయోడా. సంస్థ పేరు మాత్రము టొయోటా.

అప్పటికి కార్ల తయారీలో అమెరికాలోని ఫోర్డు సంస్థయే గురువు. 1913లో ఫోర్డు కర్మాగారములో కదలెడి కూర్పు వరుసను నెలకొల్పిరి. అనగా పనివాడు కారు వద్దకు పోడు. కారే అతని వద్దకు వచ్చును. దానితో కారు చట్రమును కూర్చుటకు పట్టు కాలము పన్నెండున్నర గంటలనుండి సుమారు గంటన్నరకు తగ్గినది. 1908లో 850 డాలర్లకు అమ్మిన మోడల్-టి కారు వెల 1925 నాటికి 260 డాలర్లకు దిగినది. 1927 వరకు అట్టి కార్లు కోటి ఏబది లక్షలు తయారైనవి.

ఈ పద్ధతి ఒకే రకపు వస్తువును లెక్కకు మిక్కిలిగా అమ్ముకొనగల దేశమునకు తగినది. జపానులో కొనువారు తక్కువ. కావలసిన రకములు ఎక్కువ. అక్కడ ఫోర్డు పద్ధతిని యథాతథముగా అనుసరించినచో సరకు గిడ్డంగులలో పేరుకొని పోవును.

1950 నాటి గండము

యుద్ధానంతరము 1949లో జపాను ప్రభుత్వము ద్రవ్యోల్బణమును అరికట్టుటకు కఠినమైన పొదుపు విధానమును చేపట్టెను. జనుల చేతిలో డబ్బు తగ్గెను. కార్లు అమ్ముడుపోలేదు. టొయోటా దివాలా అంచునకు వచ్చెను. అప్పు ఇచ్చుటకు సమ్మతించిన బ్యాంకులు ఖర్చు తగ్గింపుమని పట్టుబట్టెను. పనివారిని తొలగింపనని మాట యిచ్చిన కీచిరో ఆ మాట నిలుపుకొనలేకపోయెను. దీర్ఘమైన సమ్మె జరిగెను. తుదకు పెక్కుమంది ఉద్యోగము విడిచిరి. 1950 జూన్‌లో కీచిరో కూడ అధ్యక్ష పదవికి రాజీనామా చేసెను. ఆ నెలలోనే కొరియా యుద్ధము మొదలగుటచే అమెరికా సైన్యము లారీలు కొనెను. సంస్థ బ్రతికి బయటపడెను. ఆయన మాత్రము 1952లో మరణించెను.

అమ్ముడుపోని సరకు తయారు చేయుట ఎంతటి ముప్పో ఈ అనుభవము నేర్పినది. ఈ పాఠమును కర్మాగారపు పద్ధతిగా మలచినవాడు తైచి ఓనో. ఆయన టొయోడావారి నూలు మిల్లునుండి 1943లో కార్ల సంస్థకు వచ్చినవాడు.

లోపముల లెక్క

ఒక కారులో మరలు, మేకులు మొదలుకొని సుమారు 30,000 భాగములుండును. ప్రతి పదివేల భాగములలో ఒక్కటి మాత్రమే చెడ్డదనుకొందము. ఇది చాల మంచి తయారీయే. అయినను 30,000ను 10,000తో భాగించిన 3 వచ్చును. అనగా కారు ఒక్కింటికి సగటున మూడు లోపములు! కావున కారు పూర్తియైన పిమ్మట పరీక్షించి దిద్దుకొందమనుట చాలదు. తప్పును పుట్టినచోటనే పట్టవలెను.

మరియొక లెక్క చూడుడు. రేకును అదిమెడి అచ్చు కొంచెము పక్కకు జరిగినదనుకొందము. ఒకే విడతలో వెయ్యి తలుపులను చేసి గిడ్డంగిలో పెట్టినచో, మొదటి తలుపు కారుకు బిగించునాటికి వెయ్యియు చెడినవే యగును. ఏబది మాత్రమే చేసినచో నష్టము ఏబదితో తీరును. నిల్వ అధికమైనకొలది తప్పు దాగుకొనును.

దీనికై ఓనో రెండు ఉపాయములను అమలుపరచెను. మొదటిది మగ్గపు సూత్రమే. కూర్పు వరుసలో లోపమును చూచిన ఏ పనివాడైనను ఒక త్రాడు లాగవచ్చును. దీపము వెలుగును; నాయకుడు పరుగున వచ్చును; అప్పటికప్పుడు సరిపడనిచో వరుస ఆగును. రెండవది కాన్‌బాన్, అనగా సూచన పలక. ముందరి దశవారు భాగములను వాడుకొన్న పిమ్మటనే ఆ పలక వెనుకటి దశకు పోవును. పలక వచ్చిననే అక్కడ తయారీ జరుగును. కొనువారు తీసికొన్న సరకును మాత్రమే మరల నింపెడి అమెరికా అంగళ్ల పద్ధతినుండి ఈ ఊహ కలిగినది.

తక్కువ సంఖ్యలో పలురకములు చేయవలెనన్న అచ్చులను మాటిమాటికి మార్చవలెను. ఒక పెద్ద అచ్చుయంత్రమునకు ఈ మార్పు నాలుగు గంటలు పట్టెడిది. షిగెయో షింగో అను ఇంజనీరు సాయముతో 1970 ప్రాంతమున దానిని మూడు నిమిషములకు తగ్గించిరి. యంత్రము ఆపక ముందే చేయదగిన పనులన్నింటిని ముందుగానే చేసి పెట్టుకొనుటయే ఇందలి రహస్యము.

పద్ధతిలోని ప్రమాదము

నిల్వ లేనివానికి ఆపద త్వరగా తగులును. 1997 ఫిబ్రవరి 1న కరియా పట్టణములో ఐసిన్ సంస్థ కర్మాగారము అగ్నికి ఆహుతియైనది. టొయోటా కార్ల బ్రేకులలోని ఒక చిన్న కవాటము దాదాపు అంతయు అచ్చటనే తయారగుచుండెను. కొద్ది దినములలో జపానులోని టొయోటా కర్మాగారములు ఆగిపోయెను. కుట్టుయంత్రముల సంస్థతో సహా పెక్కు సంస్థలు ఆ కవాటమును చేసి యిచ్చుటచే సుమారు వారములో పని మరల సాగెను.

2011 భూకంపము తరువాత ఏ భాగము ఎచ్చటనుండి వచ్చుచున్నదో సంస్థ పూర్తిగా లెక్కగట్టెను. త్వరగా దొరకని ఎలక్ట్రానిక్ భాగములను కొన్ని నెలలకు సరిపడ నిల్వ ఉంచుమని సరఫరాదారులను కోరెను. 2021లో అట్టి భాగములకు కరవు వచ్చినప్పుడు ఇతరులకంటె కొంతకాలము నిలద్రొక్కుకొనెను. తుదకు సెప్టెంబరులో అదియు ఉత్పత్తిని బాగుగా తగ్గింపవలసి వచ్చెను.

అంతకుముందు 2009–10లో యాక్సిలరేటరు దోషములవలన లక్షలాది కార్లను వెనుకకు పిలువవలసి వచ్చెను. కీచిరో మనుమడగు అకియో టొయోడా అమెరికా శాసనసభ్యుల యెదుట, సంస్థ మితిమీరిన వేగముతో పెరిగినదేమోయని ఒప్పుకొనెను. మనుష్యులకు శిక్షణ యిచ్చు వేగముకంటె కార్ల సంఖ్య పెరుగు వేగము మించినచో, త్రాడు ఉన్నను లాగవలసిన చేయి సందేహించును.

విద్యార్థులు తమ ఊరిలోని అచ్చుకూటమునో, మరమ్మతు షెడ్డునో చూచునప్పుడు ఒక ప్రశ్న వేసికొనవచ్చును: ఇక్కడ తప్పు జరిగినచో అది ఎంతసేపటికి, ఎవరికి తెలియును? పని ఆపు అధికారము ఎవరికి కలదు? ఆ రెండు ప్రశ్నలకు వచ్చు సమాధానమునుబట్టి ఆ పనిశాల మేలును చాలవరకు అంచనా వేయవచ్చును.