నిర్మాల్యం వేరు, మాలిన్యం వేరు



భగవంతునికి సమర్పించి తీసిన పుష్పాలకు, తులసీదళాలకు నిర్మాల్యమని పేరు. దానిని ఎవరి కాళ్ళ క్రిందా పడనీయక పారే నీటిలో విడవడం మన పెద్దల ఆచారం. పువ్వు, పత్రి, పసుపు, దర్భ భూమి నుండి పుట్టినవే కనుక కొద్ది దినాలలోనే మెత్తబడి, చివికి, ఒండ్రులో కలిసిపోతాయి. అందువల్ల ఆ ఆచారానికి దోషం అంటలేదు.

నేడు భక్తుడు ఆ పువ్వును ప్లాస్టిక్ సంచిలో తెస్తున్నాడు. ముడి అయినా విప్పకుండా సంచితో సహా గోదావరిలో విసిరి నమస్కరిస్తున్నాడు. లోపలి పువ్వు నిర్మాల్యం. పైనున్న సంచి మాలిన్యం. రెండింటినీ ఒకే చేతితో విడిచినంత మాత్రాన రెండూ సమర్పణలు కాజాలవు.

ఈ విషయంలో శాస్త్రం మౌనంగా లేదు. నీటిలో మలమూత్రాలు విసర్జించరాదని, ఉమ్మివేయరాదని తైత్తిరీయారణ్యకం నిషేధించింది. మనుస్మృతి నాల్గవ అధ్యాయం ఆ నిషేధాన్ని విస్తరించి, రక్తాన్ని, విషాన్ని, అపవిత్ర పదార్థం అంటిన ఏ వస్తువునూ నీటిలో వేయరాదని చెప్పింది. ‘సర్వపాపాలను కడిగే గౌతమీమాతకు మన చిన్న సంచి ఒక లెక్కా?’ అని కొందరు అడుగుతారు. పాపక్షయం కోసం నదిని ఆశ్రయించమన్న ఋషులే నీటిని మలినపరచవద్దనీ అన్నారు. మొదటి మాటను పట్టుకుని రెండవ మాటను విడిచిపెట్టడం శ్రద్ధ అనిపించుకోదు.

విడిచినది ఎక్కడికి పోతుంది?

మన ప్రాంతపు నీటి దారులను ఒకసారి స్మరించండి. భద్రాద్రికి సుమారు 35 కిలోమీటర్ల ఎగువన పర్ణశాల, అక్కడ సీతవాగు ఉన్నాయి. చర్ల వైపు అడవుల నుండి తాలిపేరు వస్తుంది. పాల్వంచ అడవుల మీదుగా వచ్చిన కిన్నెరసాని బూర్గంపాడు సమీపంలో గోదావరిని చేరుతుంది. వానకాలంలో ప్రతి వాగూ తన ఒడ్డున పడినదానిని ఊడ్చుకుని వచ్చి పెద్దనదికి అప్పగిస్తుంది. పర్ణశాలలో యాత్రికుడు పారవేసిన సీసా భద్రాచలం స్నానఘట్టానికి రావచ్చు. ఇక్కడ మనం విడిచినది పాపికొండల నడుమ నుండి ధవళేశ్వరం దాకా పోవచ్చు. అక్కడి కాలువల నీటితోనే డెల్టా గ్రామాలవారు మంచినీటి చెరువులు నింపుకుంటారు. ఎగువవారు విడిచినదానిలో మనం మునుగుతున్నాము. మనం విడిచినది దిగువవారి కడవలకు చేరుతున్నది.

వరద వచ్చినప్పుడు ఇది మరింత స్పష్టమవుతుంది. భద్రాచలం వద్ద నీటిమట్టం 43 అడుగులకు చేరితే మొదటి ప్రమాద హెచ్చరిక ఇస్తారు. 1986 ఆగస్టులో అది 75.6 అడుగులకు, 2022 జూలైలో 71.3 అడుగులకు చేరింది. అంతటి నీరు తీసినప్పుడు సంచులు, సీసాలు చెట్ల కొమ్మలకు వ్రేలాడుతాయి, తుంగపొదలలో చిక్కుకుంటాయి, ప్రవాహం మందగించిన మలుపులలో తెట్టుగా పేరుకుంటాయి. ఒడ్డున నిలిచినవాని చేయి అక్కడికి అందదు.

చిన్న పడవ చేయగల సేవ

అట్టి చోట్లకు చిన్న పడవ పోగలదు. ఇప్పుడు కయాక్ అని వ్యవహరించే పడవ సన్నగా, తేలికగా ఉండి ఒకరిద్దరిని మాత్రమే మోస్తుంది. రెండు కొసలా పలకలున్న తెడ్డుతో దానిని నడుపుతారు. యంత్రం లేదు కనుక చమురు ఒలకదు, చప్పుడు చేయదు. లోతు తక్కువైన నీటిలోనూ సాగుతుంది. కేరళలో 2015 నుండి నిలంబూరు మొదలు బేపూరు వరకు 68 కిలోమీటర్ల చాలియార్ నదీయాత్రను ఇటువంటి పడవలపై జరుపుతూ, దారిలో చెత్తను ఏరుతున్నారు. అదే రాష్ట్రంలో, కాళ్ళు చచ్చుబడిన ఒక పేద వృద్ధుడు నాటుపడవలో కూర్చుని వెంబనాడు సరస్సులోని ప్లాస్టిక్ సీసాలను ఏరుతుండగా, 2021 జనవరిలో ప్రధానమంత్రి తమ రేడియో ప్రసంగంలో ఆయనను కొనియాడారు. సేవకు ఖరీదైన పడవ అవసరం లేదని ఆయన జీవితమే చెబుతున్నది.

మనకు గుహుని వారసులైన పడవవారు ఉన్నారు. ఏ మలుపులో సుడి ఉన్నదో, ఎక్కడ ఇసుక మేట వేసిందో వారికి తెలిసినట్లు మరొకరికి తెలియదు. యువకులు ఈ సేవకు పూనుకుంటే వారి పర్యవేక్షణలోనే చేయాలి. వరద పూర్తిగా తీసి, నీరు తేరిన కార్తీకం తరువాతి మాసాలు ఇందుకు అనుకూలం. లైఫ్ జాకెట్ లేనిదే పడవ ఎక్కరాదు, ఒంటరిగా పోరాదు. గాజుపెంకులు, సూదులు ఉంటాయి కనుక చేతికి దళసరి తొడుగులు, ఏరడానికి పొడవాటి కర్రకు కట్టిన వల ఉండాలి. తడిసిన గోనె బరువుకు పడవ ఒరుగుతుంది. సగం నిండగానే ఒడ్డుకు చేర్చాలి. నీటిలో పడిన కొమ్మలను, నాచును కదపరాదు. అవి చేపలకు నివాసాలు. ఏరిన చెత్తను ఒడ్డున కుప్పవేస్తే మరుసటి వరద మళ్ళీ తీసుకుపోతుంది. తగులబెడితే విషధూమం వస్తుంది. పంచాయతీ పారిశుద్ధ్య సిబ్బందికి అప్పగించినప్పుడే ఆ సేవ పూర్తి అయినట్లు.

అయితే పడవ తీయగలిగేది తేలే చెత్తను మాత్రమే. అడుగున మునిగినది, చిన్న తునకలుగా చీలినది ఏ వలకూ చిక్కదు. కనుక అసలు సేవ ఒడ్డునే, యాత్రికుని చేతిలోనే ఉన్నది. పూజాద్రవ్యాలను గుడ్డసంచిలోనో, అడ్డాకు దొన్నెలోనో తీసుకురండి. కార్తీకదీపాన్ని అరటిదొప్పలోనే విడవండి. థర్మోకోల్ దొన్నెలో వద్దు. స్నానానంతరం విడిచిన వస్త్రం పేదవానికి ఇస్తే దానమవుతుంది. నీటిలో వదిలితే మునిగేవారి కాళ్ళకు చుట్టుకుంటుంది. ఒకసారి వాడి పారవేసే ప్లాస్టిక్ వస్తువులు అనేకం 2022 జూలై 1 నుండి దేశమంతటా నిషిద్ధమని కూడా గుర్తుంచుకోండి. అన్నదానానికి ద్రవ్యమిచ్చే దాతలు ప్లాస్టిక్ గ్లాసులకు బదులు స్టీలు గ్లాసులను, ఘట్టాలకు నిర్మాల్యపు తొట్లను, పడవవారికి లైఫ్ జాకెట్లను సమకూర్చితే అదీ కైంకర్యమే.

2015 జూలైలో జరిగిన గోదావరి పుష్కరాలు 2027లో మరల రానున్నాయి. అంతవరకు ఆగనక్కరలేదు. వైకుంఠ ఏకాదశికి ముందునాటి సాయంకాలం సీతారాములు హంసవాహనంపై ఈ గోదావరిలోనే తెప్పోత్సవానికి వేంచేస్తారు. స్వామి ఊరేగే వీధిని మనం ముందుగా ఊడ్చి, కళ్ళాపి చల్లి, ముగ్గు పెడతాము. స్వామి విహరించే నీరు కూడా వీధి వంటిదే. దానిని శుభ్రంగా ఉంచడం మన నిత్యవిధి.